దీవి ఎన్నికలకు జెండాలు కుట్టిన కనకరత్నం

కనకరత్నం మొట్టమొదట గెలిచింది ఒక చొక్కా కాలరు మీద. అప్పుడామెకు పదహారేళ్లు. బర్మాలో యాంగోన్ నగరపు అహ్లోన్ పేటలో పాత బియ్యం మిల్లు ప్రహరీని ఆనుకుని అచ్చెన్న మాస్టారి టైలరు షాపు ఉండేది. అక్కడ పని నేర్చుకునేది. మాస్టారు ఆ కాలరును పద్నాలుగుసార్లు విప్పించాడు. ఒకసారి కొస వంకర అన్నాడు. ఒకసారి ఈ కొసకూ ఆ కొసకూ చుట్టరికమే లేదన్నాడు. ఒకసారి ఏమీ అనకుండా బ్లేడు చేతికిచ్చాడు. పదిహేనోసారి కాలరు కొసను గోటితో మీటి చూసి, చొక్కాను తీసుకెళ్లి గిరాకీల చొక్కాల వరసలో తగిలించాడు. బాగుందని అనలేదు. అరవై ఏళ్ల కుట్టుపనిలో ఆయన ఎవరినీ బాగుందని అన్నవాడు కాదు. ఆయన చేత మాట పడకుండా ఒక చొక్కా ఆ కొక్కేనికి ఎక్కడమంటే సామాన్యమైన సంగతి కాదు. మన వీధిలో అంతవరకూ ఏ ఆడపిల్లకూ అది దక్కలేదు. చాలామంది మగపిల్లలకూ దక్కలేదు.

ఆమె తాత సిక్కోలు వైపు నుంచి ఓడ అడుగు అరలో వచ్చి అదే మిల్లులో బస్తాలు మోశాడు. తండ్రి సేక్కాన్ రేవులో మోశాడు. మూడు తరాల్లో కూర్చుని సంపాదించిన మొదటి మనిషి కనకరత్నం.

తక్కినవి కూడా చెప్పుకోవాలి. ఇరవై నాలుగో ఏట సొంత మిషను కొనుక్కుంది. ముప్పయ్యో ఏట మిల్లు వెనక సందులో పెద్ద గది తీసుకుని, గుమ్మం మీద పైన బర్మా అక్షరాలతో, కింద తెలుగు అక్షరాలతో బోర్డు కట్టింది. ఆ సందులో ఆడమనిషి పేరున బోర్డు లేవడం అదే మొదలు. పెద్ద తుఫానుకు దలా వైపు ఇళ్ల కప్పులు లేచిపోయిన ఏడు, మిషనును పడవలో వేసుకుని నది దాటి, పదకొండు రోజులు టార్పాలిన్లు కుట్టి నలభై మూడు ఇళ్లకు నీడ కల్పించింది. ఊరంతా మూతులు కట్టుకు తిరిగిన జబ్బు రోజుల్లో తొమ్మిది వేల మాస్కులు కుట్టి పంచింది. ఇక దేశపు జెండా మారిన ఏడు నుంచీ, అంటే పదిహేనేళ్లుగా, చుట్టుపక్కల బడులకూ ఆఫీసులకూ ప్రతి జనవరికీ జెండాలు ఆ గదిలోంచే వెళ్తున్నాయి. పైన పసుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు, మధ్యలో పెద్ద తెల్ల చుక్క. ఆ గదిలో పనిచేసే పదకొండు మంది ఆడవాళ్లూ ఆ జెండాను కబుర్లు చెప్పుకుంటూ, మిషను వైపు చూడకుండా కుట్టగలరు.

ఆ పదకొండు మందిలో పెద్దది మంగాయమ్మ. ఆమె కాలు తొక్కుడు మిషను మీద ఎంత వేగంగా ఆడుతుందో నోరు అంతకంటే ఒక పిసరు ఎక్కువ ఆడుతుంది. ఫోన్లూ ఉత్తరాలూ చూసేది కనకరత్నం అన్నకూతురు జయ, ఇరవై రెండేళ్ల పిల్ల. కనకరత్నం భర్త బంగారురాజుకు దలా పడవ మీద ఉద్యోగం. మాట తక్కువ మనిషి. చూపు మందగించి షాపు మూసేశాక అచ్చెన్న మాస్టారు ఈ గది గుమ్మం పక్కన పేము కుర్చీలో కూర్చుంటాడు. మిషన్ల చప్పుడు విని, ఏ మిషనుకు నూనె కావాలో కుర్చీలోంచే చెప్తాడు. ఎనభై మూడేళ్లాయనకు. యాభై దాటిన ఆడవాళ్లను కూడా గుంటా అనే పిలుస్తాడు.

మొన్న జూలైలో ఒక ఆదివారం అమ్మవారి గుడిలో, మన వీధివాడు కాని మనిషి ఒకడు మెడ వెనక్కి వంచి ధ్వజస్తంభం వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. వానలు మొదలై రెండు నెలలు దాటింది. పైన జెండా తడిసి, ఆరి, మళ్లీ తడిసి ఉంది. అంచు ఒక్క పోగు లేవలేదు. ఆయన చేతులు జోడించి అక్కడున్న ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"ఈ పతాకమును కుట్టినవారు ఎవరు? వారిని నేను చూడగోరుచున్నాను."

మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మ, ఈ బాబు మాటాడతన్నాడా, బుర్రకత సెప్తన్నాడా?"

ఆయన నొచ్చుకోలేదు. "నేను పుస్తకములో నేర్చుకొంటిని, అమ్మగారూ. మా దేశమున తెలుగు బడిలో మాత్రమే ఉన్నది. వీధిలో లేదు."

"అలగైతే మా ఈదిలోకి రా బాబూ. మాకు బడిలో నేదు, ఈదిలోనే ఉన్నాది."

ఆయన పేరు రాజమోహన్. ముత్తాత మన తీరం నుంచే వేరే ఓడ ఎక్కి వేరే దిక్కుకు పోయాడు. ఆ దేశం హిందూ మహాసముద్రంలో ఒక ద్వీపం. పేరు పరాయి దొరలు పెట్టింది, పొడుగ్గా ఉంటుంది, కుట్టుగదిలో ఎవరి నోటికీ పట్టలేదు. అందరూ దీవి అనే అన్నారు. రాజమోహన్ ఏటా మినుములూ కందులూ కొనడానికి యాంగోన్ వస్తాడు. అది వ్యాపారం. ఎన్నికలు వచ్చాయంటే మాత్రం వాళ్ల పార్టీకి జెండాలూ తోరణాలూ చూసే పని ఆయనదే. అక్టోబరు పందొమ్మిదిన వాళ్లకు దేశమంతటా ఎన్నికలు.

ఆ సాయంత్రమే ఆయన కుట్టుగదికి వచ్చి, కటింగు బల్ల ముందు కూర్చుని దీవి రాజకీయం చెప్పాడు. అక్కడ ఏ పార్టీకీ ఒంటరిగా గెలిచే బలం లేదు. ఎన్నికలు వస్తే రెండు మూడు పార్టీలు పొత్తు కడతాయి. పొత్తు కట్టారని జనానికి చెప్పడానికి జెండాలు కలిపి కుడతారు. ఎక్కువ సీట్లు ఎవరివో వాళ్ల రంగు పైన. గెలిస్తే ప్రధానమంత్రి పై రంగువాడే. ఈ లెక్క అక్కడ పలకా బలపం పట్టిన పిల్లలకు కూడా తెలుసట. రాజమోహన్‌ది ఆకుపచ్చ పార్టీ. ఈసారి పసుపు పార్టీతో పొత్తు. పైన ఆకుపచ్చ, కింద పసుపు. నాలుగు వేల జెండాలు సెప్టెంబరు ఆరున ఓడ ఎక్కాలి.

"ఇంకొక మాట," అన్నాడు ఆయన. "ఎన్నికల దినము వరకు పతాకములు చినుగును, మారును. అచ్చట ఒక మాస్టరు ఉండవలెను. ఈ నాలుగు వేలును సరిగా, సమయమునకు వచ్చినయెడల మిమ్మును మా దేశమునకు పిలిపింతును. ఆరు వారములు."

కనకరత్నం చేతిలో టేపు ఉంది. దాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయింది. మన సందులోంచి సముద్రం దాటి వెళ్లినవాళ్లు లేకపోలేదు. మలేషియా వెళ్లారు, సింగపూరు వెళ్లారు. కాపలాకీ, వంటకీ, బరువులెత్తడానికీ వెళ్లారు. మాస్టరూ, నీ పనితనం కావాలి, రమ్మని పేరు పెట్టి పిలిపించుకున్నవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. సింహాచలం చూడాలని మూడేళ్ల కిందట ఆమె పాస్‌పోర్టు తీసుకుంది. తాత రేవు కార్డు దగ్గర్నుంచి తండ్రి కార్డు దాకా ప్రతి కాగితం వెతికి, ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించుకుంది. ఏదో ఒక ఆటంకం వచ్చి ప్రయాణం సాగలేదు. ఒక్క ముద్ర పడకుండా అది బీరువాలో పట్టుచీర మడతలో ఉంది.

"పొత్తు ఇడిపోతేనో?" అని మాత్రం అడిగింది.

రాజమోహన్ నవ్వాడు. "ఈసారి విడిపోదు. ఇరువురు నాయకులును దేవాలయమున ప్రమాణము చేసిరి."

"పెమానాలు సేసినోల్లే బేగి ఇడిపోతారు బాబూ," అంది మంగాయమ్మ మిషను ఆపకుండా. "మా పెద్దల్లుణ్ని సూడు."

ఆయన వెళ్లాక కనకరత్నం ఒక నిర్ణయం చేసింది. రంగులు వేటికవి కత్తిరించి కట్టలు కట్టాలి. ఆయన దగ్గర్నుంచి ఆఖరి మాట వచ్చేదాకా రెండు రంగుల్నీ కలపకూడదు. చుట్టూ అంచు మడత, కర్ర దూర్చే గొట్టం అన్నిటికన్నా ఆఖర్న. ఆడవాళ్లు గొణిగారు. నాలుగు వేలు ఆకుపచ్చ, నాలుగు వేలు పసుపు ముక్కలు గది నిండా గోడల్లా లేచాయి. మిషను దగ్గరికి పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది.

"ఇదేటి కనకం, కలిపి కుట్టీసి మూల పడీస్తే అయిపోనుగదా. మనకేటి ఆల్ల రాజకీయం," అంది మంగాయమ్మ.

"ఆల్ల రాజకీయం మన సూదికి తగుల్తాది అక్కా. కలిపినాక ఇప్పాలంటే ఎవులు ఇప్పుతారు?"

"ఆ గుంట సెప్పినట్టు సెయ్యండి," అన్నాడు గుమ్మం దగ్గర్నుంచి అచ్చెన్న. దాంతో గొణుగుడు ఆగింది.

ఆగస్టు తొమ్మిదిన ఫోను వచ్చింది. పసుపు పార్టీ వాళ్లు రాత్రికి రాత్రి వెళ్లి నీలం పార్టీతో కలిశారు. ఆకుపచ్చ వాళ్లు ఎరుపు వాళ్లతో పొత్తు కట్టారు. పసుపు వద్దు, ఎరుపు కావాలి. రాజమోహన్ గొంతు బొంగురుపోయి ఉంది. "కుట్టివేసితిరా?" అని అడిగాడు.

"ఒక్క కుట్టూ పళ్లేదు బాబూ. ఎరుపు కత్తిరించీస్తాం, అంతే."

 ఆయన రెండుసార్లు నమస్కారము అన్నాడు. నాలుగు వేల జెండాలు కలిపి కుట్టి ఉంటే ఆ రోజు ఏమయ్యేదో గదిలో అందరికీ అర్థమైంది. మంగాయమ్మ మాత్రం ఓడిపోలేదు. "మా పెద్దల్లుడే నయం. ఆర్నెల్లున్నాడు," అంది.

ఆగస్టు ఇరవై నాలుగున మళ్లీ ఫోను. పసుపు వాళ్లు నీలంతో పడక వెనక్కి వచ్చేశారు. ఎరుపు వాళ్లు పోలేదు. ఇప్పుడు ముగ్గురు. జెండా కొంచెం పెద్దదైతే మరీ మంచిదన్నాడు రాజమోహన్. వరస ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పాడు. పైన ఆకుపచ్చ, నడుమ ఎరుపు, వెళ్లి వచ్చినవాళ్లు గనుక అట్టడుగున పసుపు. ఇక ఆఖరు, కుట్టేయండి అన్నాడు. కనకరత్నం సుద్దతో ఆ వరసను కటింగు బల్ల మూల రాసుకుంది. ఓడకు పదమూడు రోజులున్నాయి.

మర్నాడు తెల్లారగానే మచ్చు జెండా ఆమే కుట్టింది. కరెంటు రోజుకు నాలుగు గంటలు వస్తే గొప్ప, అందుకని తొక్కుడు మిషను మీదే కుట్టింది. పది నిమిషాల పని. తీగ మీద ఆరేసింది. పదకొండు మందీ తలెత్తి చూశారు, తల దించుకుని మొదలుపెట్టారు. మిషన్లు ఒక్క లయలో నడిచాయి. ఎక్కడా ఎవరూ ఆగి ఆలోచించలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. రెండో రోజు సాయంత్రానికి తొమ్మిది వందల జెండాలకు రంగులు కలిశాయి. ఇంత వేగంగా ఆ గదిలో ఎప్పుడూ పని సాగలేదు. కనకరత్నానికి గర్వంగా ఉంది. జయ ఒక జెండాను కిటికీ వెలుతురులో పట్టుకుని ఫొటో తీసి రాజమోహన్‌కు పంపింది.

అప్పుడే మూల మీద టీ దుకాణం మా తీడా, చేత్తో టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని లోపలికి వచ్చింది. బర్మా మనిషి. పేరు ముందు మా అనడం వాళ్ల మర్యాద, పెద్ద ఆడవాళ్లయితే డో అంటారు. పదేళ్లుగా ఈ గదికి టీ ఆమెదే. కుప్పల వైపు చూసి, "ఏం డో కనకా, ఈ ఏడు ఆగస్టులోనే మొదలెట్టేశారు," అంది తన భాషలో. "చుక్క వేయడం మరిచిపోయారా?"

"ఏ చుక్క?" అంది కనకరత్నం.

అని, తీగ మీది జెండా వైపు తిరిగింది. పైన పసుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు. పదిహేనేళ్లుగా ప్రతి జనవరికీ కుట్టిన జెండా. చుక్క ఒక్కటే తక్కువ. మచ్చు కుట్టింది తానే. చెవిలో విన్నది ఒక వరస, చెయ్యి కుట్టింది ఇంకో వరస. కళ్లకు అలవాటైన రూపం కాబట్టి పన్నెండు జతల కళ్లకూ అది సరిగ్గానే కనిపించింది. ఈ తప్పు ఇంకో ఊళ్లో, ఇంకో గదిలో జరిగేది కాదు. సుద్దతో రాసిన వరస గుడ్డల కుప్ప కింద చెరిగిపోయి ఉంది.

జయ ఫోను చేతిలోకి తీసుకుంది. "అత్తా, ఫొటో ఎల్లిపోనాది. కానీ ఇంకా సీన్ అవలేదు. డిలీట్ కొట్టీమంటావా?"

కనకరత్నం ఒక్క నిమిషం ఆలోచించింది. కొట్టేస్తే ఆయనకు తెలియదు. రాత్రింబగళ్లు విప్పుకుని, ఏమీ జరగనట్టు పంపవచ్చు. "ఒద్దు," అంది. "తప్పు నాది. నానే సెప్తాను. ఫోను కలుపు."

ఆమె దాచకుండా చెప్పింది. రాజమోహన్ మాట మెల్లగా వచ్చింది. పసుపు పైన ఉందంటే పసుపు నాయకుడే ప్రధానమంత్రి అని అర్థం. అలాంటి జెండా ఒక్కటి బయటపడినా ఎరుపు వాళ్లు ఆ గంటలోనే లేచిపోతారు. పార్టీలో కొందరు ఇప్పటికే ఇంకో దేశంలో అచ్చువేసే కర్మాగారం మాట్లాడి పెట్టారు. "రేపు ఉదయము పదింటికి వారికి నేను మాట చెప్పవలెను, అమ్మగారూ. మీరు చేయగలరా, లేదా?"

"రేపు పదింటికి సెప్తాను," అని ఆమె ఫోను జయకు ఇచ్చేసింది.

ఇంటికి పోదామని లేచిన ఆడవాళ్లు లేచినచోటే నిలబడ్డారు. జోడు కుట్టు వేసి కలిపిన రంగులు. ఒక్కో జెండాకు రెండు జోడు కుట్లు. తొమ్మిది వందలకు పద్దెనిమిది వందల జోడు కుట్లు విప్పాలి. విప్పడం కుట్టడం కంటే మూడింతలు. అప్పుడు మిగతా మూడు వేల నూరూ ఎప్పుడు కుడతారు? దీవి సంగతి ఇక అయిపోయిందని మంగాయమ్మ కూడా అనుకుంది గాని, ఆ ఒక్కసారికి పైకి అనలేదు.

కనకరత్నం ఒక జెండాను బల్ల మీద పరిచింది. పసుపు రంగును చేత్తో వెనక్కి మడిచి కనిపించకుండా చేసింది. ఆకుపచ్చ, దాని కింద ఎరుపు మిగిలాయి. చూస్తూ నిలబడింది. మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది.

"అక్కా, ఇలగ రా. ఆ బాబు సెప్పిన వరసేటి?"

"ఆకుపచ్చ, ఎరుపు, పసుపు," అంది మంగాయమ్మ.

"ఇక్కడ ఆకుపచ్చ కింద ఏటున్నాది?"

"ఎరుపు."

"మరి ఆ కుట్టు తప్పెక్కడుంది? పసుపొక్కటే నెత్తి మీద కూకుంది. దాన్ని కిందికి దింపీసి ఎరుపుకి తగిలిస్తే సరి. ఒక్క కుట్టే ఇప్పడం."

ఆడవాళ్లంతా బల్ల చుట్టూ మూగారు. అంచు మడతలు, కర్ర గొట్టాలు ఆఖరికి ఆపి ఉంచడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది. అవి కూడా వేసేసి ఉంటే ఈ దారి ఉండేది కాదు. జయ ఫోనులో లెక్క వేసింది. రోజుకు మూడు వందల విప్పుళ్లు, మూడు వందల యాభై కొత్త జెండాలు. అంచులకూ గొట్టాలకూ పట్టే పొద్దు కలుపుకున్నా ఒక రోజు మిగులుతుంది.

విప్పేవాళ్లు తక్కువయ్యారు. గుమ్మం దగ్గర్నుంచి అచ్చెన్న చెయ్యి చాచాడు. "ఇలా పడీ ఓ పాతిక. కళ్లు నేవు గాని ఏళ్లున్నాయి."

"ఒద్దు మాస్టారూ. బ్లేడుకి ఏలు తెగుతాది," అంది కనకరత్నం.

"అరవై ఏళ్లుగా తెగని ఏలు ఇప్పుడు తెగుతాదేటి. తే." వేలితో కుట్టు తడిమి, రెండో పోగు దగ్గర బ్లేడు కొసతో ఒక్క మీటు మీటాడు. దారం బారెడు జారి వచ్చింది. గుడ్డకు గీత పడలేదు. "నీ సేత కాలరు ఇప్పించినందుకు ముప్పయ్యేళ్లకి పగ తీర్చుకుంటన్నావే గుంటా," అన్నాడు. మూడు రోజుల్లో ఆయన ఒక్కడే నూట అరవై విప్పాడు. ఎవరైనా లెక్కపెట్టారా అంటే జయ లెక్కపెట్టింది.

మర్నాడు పదింటికి కనకరత్నం రాజమోహన్‌కు చెప్పింది. "ఆరో తేదీ ఓడకి నాలుగు వేలూ ఎక్కుతాయి బాబూ. ఒక్కటి తక్కువైనా నన్ను నీ దేశం పిలవొద్దు."

ఆయన, "అటులనే," అన్నాడు.

చెప్పడం అయింది గాని చేతుల అలవాటు అంత తేలిగ్గా పోలేదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరు మళ్లీ పసుపు పైన పెట్టి కుట్టేశారు. కోప్పడి లాభం లేదని కనకరత్నానికి తెలుసు, తన చెయ్యే తన మాట వినలేదు గదా. ఆమె పసుపు కట్టలన్నీ మోయించి, సందు అవతల బంగారురాజు వలలూ తాళ్లూ పెట్టుకునే చిన్న గదిలో పెట్టించింది. ఈ గదిలో ఏడుగురు ఆకుపచ్చకు ఎరుపు మాత్రమే కలుపుతారు. ఇక్కడ పసుపు అన్నది కంటికి కనపడదు. ఆ గదిలో నలుగురు ఎరుపు అంచుకు పసుపు మాత్రమే తగిలిస్తారు. తన మిషను కూడా ఆ నలుగురి మధ్య వేసుకుంది. పసుపు కట్ట కావాలని ఎవరైనా ఈ గదిలోంచి కేక వేస్తే, మంగాయమ్మ, "పసుపు కావాలంటే పెల్లిసేసుకో," అనేది.

బంగారురాజు పడవ దిగి వచ్చి తన తాళ్లు వానలో సందు బయట ఉండటం చూశాడు.  వాటి మీద తాటాకు కప్పి, లోపలికి తొంగి చూసి, "అన్నం ఒండీమంటావా?" అని అడిగాడు. ఆ వారం రోజులూ ఇరవై మందికి సరిపడా అన్నం, చేపల పులుసు ఆయనే వండాడు. ఇదీ చెప్పుకోవలసిన సంగతే.

సెప్టెంబరు నాలుగున అంచు మడతలు పూర్తయ్యాయి. అయిదున కర్ర గొట్టాలు. ఆ సాయంత్రం నూరేసి జెండాల కట్టలు నలభై, వాన తగలకుండా ప్లాస్టిక్ చుట్టి వ్యానులో సేక్కాన్ రేవుకు వెళ్లాయి. కనకరత్నం వ్యానులో కట్టల మీద కూర్చుని వెళ్లింది. రేవు గుమాస్తా ప్రతి కట్టా విప్పించి పై జెండా చూశాడు, నడిమి జెండా చూశాడు. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు. నలభై కట్టల్లోనూ అంతే. ఆమె తండ్రి ఇరవై ఆరేళ్లు వీపు వంచి నడిచిన రేవు అది. అదే చోట ఆమె నిటారుగా నిలబడి కాగితం మీద సంతకం పెట్టింది. ఆరున ఓడ కదిలింది.

మూడో రోజున రాజమోహన్ దగ్గర్నుంచి ఆహ్వానపత్రం వచ్చింది. ఇంగ్లీషులో ఒక పేజీ, కింద ఆయన చేతిరాతతో తెలుగులో రెండు వరసలు. "పతాకముల మాస్టరు శ్రీమతి కనకరత్నం గారిని మా దేశమునకు సాదరముగా ఆహ్వానించుచున్నాము." అచ్చెన్న దాన్ని జయ చేత చదివించుకున్నాడు. మళ్లీ చదవమన్నాడు. ఇంగ్లీషులో కూడా మాస్టరనే ఉందా అని అడిగాడు. ఉందని జయ చెప్పింది.

"ఇమానంలో సేతి సంచీలో కత్తెర పట్టుకెల్లనివ్వరంట," అన్నాడు ఆయన. "పెద్ద పెట్టిలో అడుగున పెట్టుకో. అక్కడోల్ల కత్తెర్లు ఎలగుంటాయో ఏటో." ఆయన నోటి వెంట అంతకుమించిన దీవెన మన వీధిలో ఎవరికీ దొరకలేదు.

సెప్టెంబరు పదమూడున ఆమె బయల్దేరింది. గది తాళాలు మంగాయమ్మకు అప్పగించింది. మంగాయమ్మ తాళాలు బొడ్లో దోపుకుని, మడతపెట్టిన గుడ్డ ఒకటి తెచ్చి పెట్టెలో కుక్కింది. చూస్తే ఇరవై గజాల నీలం గుడ్డ.

"ఇదెందుకక్కా? నీలపోల్లు అవతల పార్టీ."

"ఇయ్యాల అవతల. నువ్వు ఇమానం దిగే ఏలకి ఇవతలుంటే ఏటి సేస్తావు?"

పెట్టె మూత పడలేదు. బంగారురాజు దాని మీద కూర్చుంటే గాని గొళ్లెం పడలేదు. విమానాశ్రయంలో ఆఫీసరు పాస్‌పోర్టు తిరగేసి, అన్నీ ఖాళీ కాగితాలే ఉన్నాయేమని అడిగాడు. "ఇప్పటిదాకా పని ఇక్కడే ఉంది," అని ఆమె బర్మా మాటల్లో చెప్పింది. ఆయన నవ్వుతూ ముద్ర కొట్టాడు. తాత ఓడ అడుగున ఎన్నాళ్లు వచ్చాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె మాత్రం రెండు విమానాలు మారి మర్నాటికల్లా దిగింది.

దీవి నుంచి జయ ఫోనుకు ఫొటోలు వస్తున్నాయి. ఒకదాంట్లో కొండ వాలున చెరుకు తోటల మధ్య రోడ్డు పొడుగునా మన జెండాలు ఎగురుతున్నాయి. ఒకదాంట్లో రేకుల షెడ్డులో కనకరత్నం, చుట్టూ ఆరుగురు దీవి ఆడవాళ్లు. వాళ్ల భాష ఈమెకు రాదు, ఈమె భాష వాళ్లకు రాదు, కుట్టు తప్పితే విప్పమని బ్లేడు చేతికిస్తే సరిపోతోందట. అక్టోబరు రెండున తెల్ల జెండా ఉన్న ఒక చిన్న పార్టీ వాళ్లు పొత్తులో వచ్చి చేరారు. సీట్లు మూడే ఇచ్చారు గనుక రంగుగా కాక అడుగున సన్నని అంచుగా ఇస్తే చాలని ముగ్గురు నాయకులూ కూర్చుని తేల్చారు. ఆ అంచు ఎంత వెడల్పు ఉంటే వాళ్లు చిన్నబుచ్చుకోకుండా, వీళ్లు అడ్డు చెప్పకుండా ఉంటారో తేల్చింది మాత్రం కనకరత్నం. నాలుగు అంగుళాలు. నాలుగు వేల జెండాలకూ అయిదు రోజుల్లో తెల్ల అంచు పడింది. వార్తల్లో ఆ జెండా పట్టుకుని నాయకులు నిలబడ్డ ఫొటోను జయ పెద్దదిగా అచ్చు వేయించి, గుమ్మం మీద బోర్డు కింద అంటించింది. మా తీడా టీ పళ్లెంతో వచ్చినప్పుడల్లా దాని దగ్గర ఆగి చూస్తుంది.

ఎవరు గెలుస్తారో ఇంకా తెలియదు. పోలింగు పందొమ్మిదిన, లెక్కింపు ఇరవైన. పొత్తు గెలిచినా ఓడినా, వీధుల్లోంచి జెండాలు దింపించి, చినిగినవి వేరుచేసి, మంచివి మడతపెట్టి అప్పగించేదాకా కదలనని ఆమె రాజమోహన్‌కు చెప్పింది. దానికి నాలుగైదు రోజులు పడుతుంది. టికెట్టు తీసి జయకు పంపారు. కనకరత్నం యాంగోన్‌లో దిగేది అక్టోబరు ఇరవై ఆరు, ఆదివారం సాయంత్రం.